లా ఫర్మ్‌లో ఉద్యోగం చేస్తూ బయట పారాలీగల్ పని ఒప్పుకోవచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: అమెరికాలో ఒక లా ఫర్మ్‌లో ఫుల్‌టైమ్ పారాలీగల్‌గా (లాయరు పర్యవేక్షణలో న్యాయపరమైన పని చేసే సహాయకులుగా) ఉన్నారు. తెలిసిన సోలో లాయరు (ఒంటరిగా ప్రాక్టీసు చేసేవారు) ఒకరు సాయంత్రాలు, శని ఆదివారాలు డ్రాఫ్టింగ్, డిస్కవరీ (కేసు పక్షాలు సాక్ష్యాలు, పత్రాలు ఇచ్చిపుచ్చుకునే దశ) పని చేసిపెట్టమంటున్నారు. మీ ఫర్మ్ హ్యాండ్‌బుక్‌లో బయటి పని గురించి ఒక్క ముక్క కూడా లేదు. చెప్పి చేయాలా, చెప్పకుండా చేసుకోవచ్చా?

చెప్పే చేయాలి. ఒకసారి చెప్పి ఊరుకుంటే చాలదు, ప్రతి కొత్త కేసుకీ ఫైలు తెరవకముందే చెప్పాలి. ఈ రెండో మాటే చాలామందికి తెలియదు. మేనేజరు "సరే, చేసుకోండి" అన్నారు కదా అని ధైర్యంగా దిగుతారు. ఆరు నెలల తర్వాత సోలో లాయరు పంపిన కొత్త ఫైల్లో ఎదుటి పక్షం పేరు చూస్తే, అది సొంత ఫర్మ్ క్లయింటు అయి ఉంటుంది. ఆ పాటికి ఫైలు చదివేసి ఉంటారు. చదివినదాన్ని చదవనట్టు చేయడం ఎవరి తరమూ కాదు.

ముందు ఒక భయం తీసేస్తాను. ఫ్రీలాన్స్ పారాలీగల్‌గా పనిచేయడం దానంతటదే తప్పు కాదు. ఒకప్పుడు ఈ సందేహం గట్టిగానే ఉండేది. న్యూజెర్సీలో అనధికార న్యాయవాద వృత్తిని చూసే కమిటీ 1990లో తన 24వ ఓపీనియన్‌లో, ఫర్మ్ ఉద్యోగి కాకుండా స్వతంత్రంగా పనిచేసే పారాలీగల్స్ చేసేది అనధికార న్యాయవాదమేనని, అది నిషిద్ధమని తేల్చింది. 1992లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. లాయరు పర్యవేక్షణ సరిగ్గా ఉంటే, ఆ పారాలీగల్ జీతం మీద ఉన్నారా కాంట్రాక్టు మీద ఉన్నారా అన్నది ముఖ్యం కాదని చెప్పింది. కాలిఫోర్నియా బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్ సెక్షన్ 6450 కూడా లాయరు దగ్గర ఉద్యోగం చేసేవారితో పాటు, లాయరుతో కాంట్రాక్టు కుదుర్చుకున్నవారినీ పారాలీగల్ అనే నిర్వచిస్తుంది. కాబట్టి మీ సమస్య ఫ్రీలాన్స్ చేయడంలో లేదు. ఒకే సమయంలో రెండు చోట్ల రహస్యాలు మోయడంలో ఉంది.

లాయర్ల ప్రవర్తనకు అమెరికన్ బార్ అసోసియేషన్ రాసిన నమూనా నియమాల్లో 1.10వది, ఒక లాయరుకున్న కాన్‌ఫ్లిక్ట్ (ఒక క్లయింటు ప్రయోజనం ఇంకొకరి ప్రయోజనంతో ఢీకొనడం) ఫర్మ్ మొత్తానికీ అంటుకుంటుందని చెబుతుంది. దాని వ్యాఖ్య 4 పారాలీగల్స్‌కి కొంత వెసులుబాటు ఇస్తుంది. కాన్‌ఫ్లిక్ట్ ఉన్నది లాయరు కాని ఉద్యోగికైతే ఫర్మ్ ఆ కేసు నడపవచ్చు, కానీ ఆ ఉద్యోగిని మామూలుగా కేసు నుంచి పూర్తిగా వేరుపెట్టి ఉంచాలి. దీన్నే స్క్రీన్ అంటారు, ఎథికల్ వాల్ అని కూడా అంటారు. టెక్సస్ సుప్రీంకోర్టు 1994లో ఫీనిక్స్ ఫౌండర్స్ కేసులో ఇదే దారి పట్టింది. పారాలీగల్ ఒక ఫర్మ్ నుంచి ఎదుటి పక్షపు ఫర్మ్‌కి వెళ్ళినా, గోడ నిజంగా గట్టిగా ఉందని కొత్త ఫర్మ్ నిరూపించుకుంటే గట్టెక్కవచ్చంది. అదే పారాలీగల్ కొత్త చోట అదే కేసు మీద పనిచేస్తే మాత్రం ఆ అవకాశం పోతుంది. కాలిఫోర్నియాలో 1991 నాటి కాంప్లెక్స్ ఆస్బెస్టాస్ లిటిగేషన్ తీర్పులో గోడ కట్టనే లేదు. ప్రతివాదుల ఫర్మ్‌లో ఆస్బెస్టాస్ కేసులు చూసిన పారాలీగల్, వాదుల ఫర్మ్‌లో చేరి మళ్ళీ ఆస్బెస్టాస్ కేసులే చూశారు. కొత్త ఫర్మ్‌ని కేసుల నుంచి తప్పించారు.

ఈ తీర్పుల్లో పారాలీగల్స్ ఉద్యోగం మారినవాళ్ళు. ఒక చోటు వదిలేసి ఇంకో చోటికి వెళ్ళారు. మీరు వదలరు. పగలు ఇక్కడ, రాత్రి అక్కడ. పాత రహస్యాలు కాలంతో పాతబడతాయి, మీవి రోజూ కొత్తగా వస్తుంటాయి. అందుకే మీ విషయంలో గోడ కట్టడం ఇంకా కష్టం, కాన్‌ఫ్లిక్ట్ ముందే పట్టుకోవడం ఇంకా అవసరం. పొరపాటు జరిగితే మీ ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. ఏ తప్పూ చేయని కక్షిదారు కేసు మధ్యలో తన లాయరుని పోగొట్టుకుని, కొత్త లాయరుకి మొదటి నుంచి డబ్బు కట్టాల్సిరావడం మరో ఎత్తు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ రెండోది.

హ్యాండ్‌బుక్ మౌనంగా ఉందన్నారు. మౌనాన్ని అనుమతి అనుకోకండి. పైగా చాలా ఫర్మ్‌లలో ఈ నిబంధన "బయటి ఉద్యోగం" అనే శీర్షిక కింద ఉండదు. గోప్యత ఒప్పందంలో, కంప్యూటర్ల వాడకం పాలసీలో, చేరిన రోజు సంతకం పెట్టిన ఆఫర్ లెటర్లో దొరుకుతుంది. ఆ మూడూ తీసి చదవండి. "ఫర్మ్ ప్రయోజనాలకు విరుద్ధమైన పని", "పూర్తి సమయం ఫర్మ్‌కే కేటాయించడం" లాంటి మాటలు ఉంటే అవి మీకు వర్తించేవే. కాలిఫోర్నియాలో నాన్‌కాంపీట్ (యజమానితో పోటీపడే పని చేయనన్న) ఒప్పందాలు చెల్లవు కదా అని కొందరు వాదిస్తారు. ఆ రక్షణ ఉద్యోగం మానేశాక చేసే పనికి. ఉద్యోగంలో ఉండగానే యజమానితో పోటీపడవద్దనే షరతు చెల్లుతుందని అక్కడి అప్పీలు కోర్టు 2020లో టెక్నో-లైట్ కేసులో తేల్చింది.

ఎవరిని అడగాలి? మీ టీమ్ లాయరు మంచివారైనా, ఆయన నోటిమాట ఫర్మ్ అనుమతి కాదు. ఆఫీస్ అడ్మినిస్ట్రేటర్‌కో హెచ్‌ఆర్‌కో ఈమెయిల్ పెట్టి, ఫర్మ్ జనరల్ కౌన్సెల్‌కి (ఫర్మ్ సొంత న్యాయ వ్యవహారాలు చూసే లాయరు) గానీ మేనేజింగ్ పార్ట్‌నర్‌కి గానీ కాపీ పెట్టండి. చిన్న ఫర్మ్ అయితే నేరుగా యజమాని లాయరుకే. ఈమెయిల్ పొడవుగా ఉండక్కర్లేదు. బయట పని ఇచ్చే లాయరు పేరు, ఆయన చేసే కేసుల రకం, వారానికి గరిష్ఠంగా ఎన్ని గంటలు, ఫర్మ్ పని వేళల్లో చేయరని, ఫర్మ్ పరికరాలూ సబ్‌స్క్రిప్షన్లూ వాడరని, ప్రతి కేసుకీ ముందు కాన్‌ఫ్లిక్ట్ చెక్ చేయిస్తారని రాయండి. చివర "పై షరతుల మీద అనుమతి ఇస్తున్నారా" అని సూటిగా అడగండి. జవాబు రాతలో వచ్చేదాకా ఒక్క ఫైలు కూడా తీసుకోవద్దు. ఆ జవాబు కాపీ ఫర్మ్ మెయిల్‌బాక్సులోనే మిగిలిపోతే, ఉద్యోగం వదిలిన రోజు మీకు అందదు. పాలసీ ఒప్పుకుంటే ప్రింటు తీసి దాచుకోండి.

అదే సమయంలో సోలో లాయరుకి కూడా మీరు ఎక్కడ పనిచేస్తున్నారో రాతలో చెప్పాలి. ఇది చాలామంది మర్చిపోయే సగం. పర్యవేక్షణ బాధ్యత, పైన చెప్పిన నమూనా నియమాల్లో 5.3 కింద, ఆయనది. 2012లో ఆ నియమం వ్యాఖ్యలకు చేసిన సవరణ, ఫర్మ్ బయటి నుంచి తెచ్చుకునే సహాయకుల గురించి ప్రత్యేకంగా మాట్లాడుతుంది. మీ ఫర్మ్ పేరు తెలియకపోతే ఆయన తన వైపు నుంచి కాన్‌ఫ్లిక్ట్ చూడలేరు.

ఇక కాన్‌ఫ్లిక్ట్ చెక్. ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. పేర్లు మీ ఫర్మ్‌కి ఇస్తేనే చెక్ జరుగుతుంది. కానీ ఫలానా మనిషి ఫలానా లాయరుని కలిశారన్న సంగతే ఒక రహస్యం. విడాకుల కోసం, దివాలా కోసం, ఉద్యోగం పీకేసిన యజమాని మీద దావా కోసం లాయరు దగ్గరికి వెళ్ళినవాళ్ళ పేరు ఇంకో ఫర్మ్ డేటాబేస్‌లో ఎక్కడం చిన్న విషయం కాదు. నియమం 1.6(బి)(7) కాన్‌ఫ్లిక్ట్‌లు కనిపెట్టడానికి పరిమితంగా సమాచారం బయటపెట్టనిస్తుంది గానీ, అది లాయర్లు ఉద్యోగం మారినప్పుడు, ఫర్మ్‌లు కలిసినప్పుడు, యాజమాన్యం మారినప్పుడు వాడుకునేందుకు రాసినది. రాత్రిపూట ఫ్రీలాన్స్‌ని అది నేరుగా కవర్ చేయదు. కాబట్టి సురక్షితమైన దారి ఒక్కటే. సోలో లాయరు తన క్లయింటు సమ్మతి తీసుకోవాలి. ఆయన ఎంగేజ్‌మెంట్ లెటర్లో (క్లయింటుతో కుదుర్చుకునే ఒప్పంద పత్రం) "కాంట్రాక్టు పారాలీగల్‌ని వాడవచ్చు, కాన్‌ఫ్లిక్ట్ చెక్ కోసం పక్షాల పేర్లు వారి యజమానికి తెలియజేయవచ్చు" అని ఒక వాక్యం చేరిస్తే పని అయిపోతుంది. దావా అప్పటికే కోర్టులో దాఖలై పేర్లు పబ్లిక్ రికార్డులో ఉంటే ఇబ్బంది చాలా తగ్గుతుంది. దాఖలు కాని వ్యవహారాల్లో సమ్మతి లేకుండా పేరు బయటపెట్టకండి. సమ్మతి రాకపోతే ఆ కేసు వదులుకోండి.

చెక్‌కి ఇచ్చే కాగితం ఒక పేజీ దాటకూడదు. అందులో ఉండాల్సినవి: క్లయింటు పూర్తి పేరు, పాత పేర్లు, కంపెనీ అయితే మాతృసంస్థ, అనుబంధ సంస్థలు, యజమానులు, ఎదుటి పక్షాల పేర్లు అదే పద్ధతిలో, ఎదుటి లాయరు, వారి ఫర్మ్, ఇన్సూరెన్స్ కంపెనీ ఉంటే అది, తెలిసినంతవరకు ముఖ్య సాక్షులు, ఎక్స్‌పర్టులు, కోర్టు, కేసు నంబరు, వ్యవహారం రకం రెండు మూడు మాటల్లో. "ఆటో ప్రమాదం", "లీజు తగాదా" అంటే చాలు. ఏం జరిగింది, ఎవరిది తప్పు, సెటిల్‌మెంటు ఎంత అనుకుంటున్నారు లాంటివి ఒక్క అక్షరం కూడా రాయకూడదు. కాన్‌ఫ్లిక్ట్ చెక్ చేయబోయి రహస్యం ఒలికించేది సరిగ్గా ఇక్కడే. ఈ పేజీ సోలో లాయరు తయారుచేసి పంపాలి. మీరే ఫైల్లోంచి ఏరి తయారుచేస్తే, చెక్ ముగియకముందే ఫైలు చూసినట్టే.

ఇన్సూరెన్స్ కంపెనీ పేరు ఎందుకని అడగవచ్చు. మీ ఫర్మ్ ఇన్సూరెన్స్ డిఫెన్స్ (ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బుతో ప్రతివాదుల తరఫున వాదించడం) చేస్తుంటే, కోర్టు కాగితాల మీద కనిపించేది డ్రైవరు పేరు, బిల్లు కట్టేది కంపెనీ. డ్రైవరు పేరుతో వెతికితే ఏమీ తేలదు, కంపెనీ పేరుతో వెతికితే వంద ఫైళ్ళు తేలతాయి. మాతృసంస్థ పేరు మర్చిపోవడం కూడా అలాంటిదే. వ్యాపార దావాల్లో దొర్లే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెండింటి దగ్గరే.

చెక్‌లో ఒకసారి ఏమీ దొరకలేదంటే కథ ముగిసినట్టు కాదు. సవరించిన కంప్లెయింట్‌లో కొత్త ప్రతివాది చేరవచ్చు, థర్డ్ పార్టీ క్లెయిము రావచ్చు, ఎక్స్‌పర్టు మారవచ్చు. అటువైపు మీ ఫర్మ్ రేపు కొత్త క్లయింటుని తీసుకోవచ్చు. కొత్త పేరు చేరిన ప్రతిసారీ మళ్ళీ చెక్ చేయించాలి. మీ ఫర్మ్ కాన్‌ఫ్లిక్ట్స్ విభాగం ఒప్పుకుంటే మీ బయటి కేసుల పక్షాలని వారి డేటాబేస్‌లో "బయటి పని" అనే గుర్తుతో పెట్టించండి. అప్పుడు రెండో దిశలో వచ్చే ఢీ కూడా దానంతటదే పట్టుబడుతుంది. దీంతో పాటు కేసు పేరు, పక్షాలు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ ఉన్న ఒక జాబితా మీ దగ్గర జాగ్రత్తగా ఉంచుకోండి. ఐదేళ్ళ తర్వాత ఇంకో ఫర్మ్‌లో చేరేటప్పుడు అడిగేది ఆ జాబితానే. బయట ముట్టుకున్న ప్రతి కేసూ మీతో పాటు నడిచొస్తుంది. ఫ్రీలాన్స్ బాగా పెరిగినవాళ్ళకి పెద్ద ఫర్మ్‌లలో ఉద్యోగం దొరకడం కష్టమవడానికి ఇదొక కారణం.

ఇదంతా తేలికవ్వాలంటే మొదటి నుంచీ పని రకాన్ని ఎంచుకోవాలి. మీ ఫర్మ్ చేసే రంగానికి అద్దంలో బింబంలా ఎదురు నిలిచే రంగం పూర్తిగా మానేయండి. ఇన్సూరెన్స్ డిఫెన్స్ ఫర్మ్‌లో ఉంటే గాయాల కేసులు, మేనేజ్‌మెంటు తరఫు ఎంప్లాయ్‌మెంట్ ఫర్మ్‌లో ఉంటే ఉద్యోగుల దావాలు, బ్యాంకుల తరఫున ఉంటే దివాలా పిటిషన్లు తీసుకోకండి. చెక్‌లో పదిసార్లు ఏమీ దొరక్కపోయినా పదకొండోసారి తగులుతుంది. మీకు ఆ రంగంలో అనుభవం ఎక్కువ కాబట్టి సోలో లాయరు ఆ పనే అడుగుతారు, ప్రలోభం అక్కడే ఉంటుంది. ఎస్టేట్ ప్లానింగ్, ప్రొబేట్ (చనిపోయినవారి ఆస్తి పంపకం) లెక్కలు, కార్పొరేట్ మినిట్ బుక్కులు, ట్రేడ్‌మార్క్ గడువుల నిర్వహణ లాంటివి పక్షాలు తక్కువగా, పేర్లు స్థిరంగా ఉండే పనులు. గడువులు కూడా ముందే తెలుస్తాయి కాబట్టి ఉద్యోగంతో ఢీకొనవు. ట్రయల్ పని మాత్రం ఫుల్‌టైమ్ ఉద్యోగం ఉన్నవారికి నేను సిఫార్సు చేయను. రెండు చోట్లా ఒకే వారం ట్రయల్ పడితే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది.

పని ఎప్పుడూ లాయరు ద్వారానే రావాలి, లాయరుకే తిరిగి వెళ్ళాలి. తెలిసినవాళ్ళు, బంధువులు "నువ్వు లా ఫర్మ్‌లోనే చేస్తావుగా, ఈ గ్రీన్‌కార్డు ఫారాలు నింపిపెట్టు, ఎంతో కొంత ఇస్తాం" అంటారు. ఐ-130లో (బంధువు కోసం వేసే ఇమిగ్రేషన్ పిటిషన్) ఏ గడి ఎంచుకోవాలి, పాత అరెస్టు గురించి ఏమని రాయాలి అని చెప్పిన క్షణం అది న్యాయసలహా. ఇమిగ్రేషన్ విషయాల్లో లాయర్లూ, జస్టిస్ డిపార్ట్‌మెంటు గుర్తించిన ప్రతినిధులూ తప్ప ఇతరులు డబ్బు పుచ్చుకుని ఆ పని చేయకూడదు. ఎంత ఆత్మీయులు అడిగినా లాయరు దగ్గరికి పంపండి. తప్పుగా నింపిన ఒక్క గడి వల్ల వాళ్ళు దేశం వదలాల్సిరావచ్చు. కాలిఫోర్నియాలో నేరుగా ప్రజలకి పత్రాలు తయారుచేసే లీగల్ డాక్యుమెంట్ అసిస్టెంట్ అనే వేరే వర్గం ఉంది. దానికి కౌంటీలో రిజిస్ట్రేషన్, 25,000 డాలర్ల బాండు కావాలి. పారాలీగల్ అన్న పేరు మీద ఆ పని చేయడం అక్కడ చట్టవిరుద్ధం.

పర్యవేక్షణ అంటే ఫోనులో "బాగుంది, ఫైల్ చేసేయండి" అనడం కాదు. లాయరు ప్రతి డ్రాఫ్టూ చదవాలి, తన సంతకం తనే పెట్టాలి. రాత్రి పదకొండు గంటలకి మీరు పంపిన మోషన్‌ని (కోర్టుకి పెట్టే అర్జీని) ఆయన చూడకుండానే దాఖలు చేస్తున్నారని తెలిస్తే ఆ పని వదిలేయండి. ఫెడరల్ కోర్టులో ఈ-ఫైలింగ్‌కి ఆయన లాగిన్, పాస్‌వర్డ్ తీసుకోకండి. ఫైలింగ్ ఏజెంట్ ఖాతాని అనుమతించే కోర్టుల్లో అది తీసుకుని ఆయన ఖాతాకి జతచేయించుకోండి. అప్పుడు ఎవరు ఏం చేశారన్నది రికార్డులో ఉంటుంది. పేసర్‌లో (ఫెడరల్ కోర్టు రికార్డుల వెబ్‌సైటు) డాకెట్లు, అంటే కేసు రికార్డులు, చూస్తే పేజీకి 10 సెంట్లు, డాక్యుమెంటుకి గరిష్ఠంగా 3 డాలర్లు పడుతుంది. ఆ ఖర్చు కూడా ఆయన ఖాతా మీదే పడాలి. మీ ఫర్మ్ పేసర్ ఖాతా, వెస్ట్‌లా, లెక్సిస్ లాంటి న్యాయ పరిశోధన ఖాతాలు ఒక్క నిమిషం కూడా వాడకండి. వాటిలో ప్రతి వెతుకులాటకీ జాడ ఉంటుంది, అలవాటుగా అడిగిన క్లయింట్ నంబరు కొట్టేస్తే మీ ఫర్మ్ క్లయింటుకి తప్పుడు బిల్లు వెళ్తుంది.

పరికరాల విషయంలో సగం సగం జాగ్రత్తలు పనికిరావు. వేరే ల్యాప్‌టాప్, దాని డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి. వేరే ఈమెయిల్, రెండంచెల ధృవీకరణ ఉండాలి. ఫైళ్ళు సోలో లాయరు క్లౌడ్‌లోనే ఉండాలి, మీ డిస్కులో కాదు. మీ ఫోనులో ఫర్మ్ ఈమెయిల్ ఉంటే, బయటి పని మెయిలు అదే యాప్‌లో పెట్టకండి. పేరు రెండక్షరాలు కొట్టగానే యాప్ తానుగా అడ్రసు పూరించేస్తుంది, అటు వెళ్ళాల్సిన డ్రాఫ్టు ఇటు వెళ్తుంది. ఫర్మ్ టెంప్లేట్లు, ఫారం బ్యాంకు మీరు రాసినవైనా మీవి కావు. బయట వాడితే ఫైలు ప్రాపర్టీస్‌లో ఫర్మ్ పేరు అలాగే ఉండి ఎదుటి లాయరు కంటపడుతుంది. ఆఫీసు ప్రింటర్ కూడా వద్దు.

డబ్బు దగ్గర ఒక గట్టి గీత ఉంది. గంటకి ఇంత, లేదా పనికి ఇంత అని తీసుకోవచ్చు. కేసు గెలిస్తే వచ్చేదాంట్లో వాటా తీసుకోకూడదు. నియమం 5.4 లాయరు కానివారితో ఫీజు పంచుకోవడాన్ని నిషేధిస్తుంది. క్లయింటుని తెచ్చినందుకు కమిషన్ తీసుకోవడానికీ వీల్లేదు. "సెటిల్ అయ్యాక ఇస్తాను" అన్న మాట కూడా ఒప్పుకోకండి. మీ చెల్లింపు కేసు ఫలితం మీద ఆధారపడకూడదని, క్లయింటు లాయరుకి కట్టినా కట్టకపోయినా మీకు రావాల్సింది రావాలని కాంట్రాక్టులో రాయించండి. న్యూయార్క్ రాష్ట్రంలో 2024 ఆగస్టు 28 నుంచి, 800 డాలర్లు ఆపైన విలువున్న ఫ్రీలాన్స్ పనికి రాతపూర్వక కాంట్రాక్టు తప్పనిసరి. తేదీ రాయకపోతే పని ముగిసిన 30 రోజుల్లో చెల్లించాలి. మిగతా చోట్ల ఆ రక్షణని మీరే కాంట్రాక్టులో రాసుకోవాలి.

కాంట్రాక్టు రెండు పేజీలు చాలు. పని పరిధి, రేటు, అర్జెంటు పనికి అదనపు రేటు, ఎన్ని గంటల ముందు పని పంపాలి, ఇన్‌వాయిస్ గడువు, పోస్టేజీ, కొరియర్ ఖర్చులు ఎవరివి, పని ముగిశాక ఫైళ్ళు తిరిగి ఇవ్వడం, కాన్‌ఫ్లిక్ట్ తగిలితే కారణం చెప్పకుండా వెంటనే తప్పుకునే హక్కు ఉండాలి. ఆ ఆఖరిది ముఖ్యం. కారణం చెప్పాల్సివస్తే ఫర్మ్ రహస్యం బయటపడుతుంది. ఇన్‌వాయిస్‌లో సమయం గంటలో పదో వంతు చొప్పున, అంటే ఆరు నిమిషాల ముక్కలుగా, ఏ పని చేశారో స్పష్టంగా రాయండి. "కేసు పని, 3.0 గంటలు" అని రాస్తే లాయరు దాన్ని ఫీజు పిటిషన్‌లో (ఎదుటి పక్షం నుంచి ఫీజు ఇప్పించమని కోర్టుని అడిగే అర్జీ) వాడుకోలేరు. మిస్సోరి వర్సెస్ జెంకిన్స్ తీర్పులో 1989లో అమెరికా సుప్రీంకోర్టు, పారాలీగల్ సమయాన్ని మార్కెట్ రేటుకి రాబట్టుకోవచ్చని చెప్పింది. కానీ ఫోటోకాపీలు తీయడం లాంటి గుమస్తా పనికి పారాలీగల్ రేటు వేయకూడదనీ అక్కడే అంది. రెండిటినీ వేరు వేరు వరుసల్లో చూపండి.

పన్నుల్లో కొత్తవాళ్ళు దెబ్బతినే చోటు ఒక్కటే: ఎవరూ ముందుగా కోయరు. మీరు డబ్ల్యూ-9 (మీ పన్ను నంబరు ఇచ్చే ఫారం) ఇస్తారు, ఏడాది ముగిశాక 1099-ఎన్‌ఈసీ (మీకు ఎంత చెల్లించారో చూపే ఫారం) వస్తుంది. అది పంపాల్సిన పరిమితి 600 డాలర్లు ఉండేది, 2026 నుంచి చేసే చెల్లింపులకి 2,000 అయింది. ఫారం రాకపోయినా ఆదాయం చూపించాల్సిందే. నికర ఆదాయం 400 డాలర్లు చేరితే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను మొదలవుతుంది. ఖర్చులు పోను ఏడాదికి 12,000 మిగిలాయనుకోండి. అందులో 92.35 శాతం మీద 15.3 శాతం, అంటే సుమారు 1,696 డాలర్లు. అందులో సగం మినహాయించి, మీరు 22 శాతం శ్లాబులో ఉంటే ఫెడరల్ ఆదాయపన్ను ఇంకో 2,453 దాకా. మొత్తం 4,150 దగ్గర, రాష్ట్ర పన్ను దానిపైన. అందుకే వచ్చిన ప్రతి చెక్కులో ఫెడరల్ పన్నులకే 35 శాతం పక్క ఖాతాలో వేయమంటాను, రాష్ట్ర పన్ను ఉంటే దానికి ఇంకొంత. మూడు నెలలకోసారి అంచనా పన్ను కట్టడం బెడద అనిపిస్తే, ఉద్యోగం దగ్గర డబ్ల్యూ-4 మార్చి జీతంలోంచి ఎక్కువ కోయించుకోండి. ఫలితం దాదాపు అదే.

మనవాళ్ళలో చాలామందికి వర్తించే మాట ఒకటి. మీరు హెచ్-1బీ మీద ఉంటే ఈ చర్చంతా పక్కనపెట్టండి. ఆ వీసా పిటిషన్ వేసిన యజమాని పనికే. ఫర్మ్ ఒప్పుకున్నా, లాయరు ఒప్పుకున్నా ఫ్రీలాన్స్ ఆదాయం అనధికార ఉద్యోగమే అవుతుంది, తర్వాత గ్రీన్‌కార్డు దగ్గర అడ్డు తగులుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికీ, హెచ్-4 ఈఏడీ లాంటి యజమానితో ముడిపడని పని అనుమతి ఉన్నవారికీ ఆ ఇబ్బంది లేదు.

ఇన్సూరెన్స్: మీ ఫర్మ్ మాల్‌ప్రాక్టీస్ పాలసీ మీ బయటి పనికి వర్తిస్తుందని అనుకోవద్దు. సోలో లాయరు పాలసీలో "ఇన్‌స్యూర్డ్" అన్న నిర్వచనంలోకి ఇండిపెండెంట్ కాంట్రాక్టర్లు వస్తారో లేదో ఆయన్ని రాతలో అడగండి. రాకపోతే సొంతంగా ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ (పనిలో జరిగే పొరపాట్లకి వర్తించే) పాలసీ తీసుకోండి.

ఒకవేళ పని ఇస్తానంటున్నది మీ ఫర్మ్ లాయరే అయితే, "ఇది నా సొంత కేసు, 1099 మీద ఇస్తాను" అంటే, అది ఫ్రీలాన్స్ అవుతుందా అన్నదే అనుమానం. ఫెడరల్ కార్మిక నిబంధనల ప్రకారం పారాలీగల్స్ సాధారణంగా ఓవర్‌టైమ్‌కి అర్హులు. ఫర్మ్ కోసం చేసిన పని ఏ పేరుతో చేసినా, వారంలో 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు రావాలి. ఆ అడిగినదాన్ని హెచ్‌ఆర్ ముందు పెట్టండి.

ఇప్పటికే చెప్పకుండా కొంత పని చేసేసి ఉంటే, కొత్త ఫైలు ఏదీ తెరవకండి, ఉన్నవి చెరపకండి, కాపీ చేసుకోకండి. చెరిపితే సాక్ష్యం నాశనం చేసినట్టు కనబడుతుంది. ముందు సోలో లాయరుకి చెప్పండి. రాబోయే రెండు మూడు వారాల్లో ఏ గడువులు ఉన్నాయో తేదీలతో రాసి ఆయన చేతిలో పెట్టండి, మీరు తప్పుకోవడం వల్ల క్లయింటుకి గడువు దాటకూడదు. పేర్లు బయటపెట్టడానికి ఆయన ద్వారా సమ్మతి తీసుకుని, ఆ ఒక పేజీ కాగితంతో మీ ఫర్మ్ జనరల్ కౌన్సెల్ దగ్గరికి వెళ్ళండి. పక్షాలు ఎక్కడా తగలకపోతే అది పాలసీ ఉల్లంఘన దగ్గరే ఆగే అవకాశం ఎక్కువ. తగిలితే ఫైల్లో ఏం చూశారో ఎవరికీ చెప్పకండి, మీ ఫర్మ్ లాయర్లు అడిగినా సరే. ఏ కేసు అన్నది మాత్రం చెప్పి, ఆ రోజు నుంచే ఆ కేసు డాక్యుమెంట్లకి మీ యాక్సెస్ తీసేయమని రాతలో అడగండి.